బ్లైండ్‌లో చిన్న జత: ముందు ఎదుటివాళ్లను లెక్కపెట్టండి

ప్రశ్న: పోకర్‌లో నేను చాలాకాలం నో-లిమిట్ (ఎంతైనా పందెం కట్టగల ఆట) ఆడి, ఈమధ్యే లిమిట్ హోల్డెమ్‌కి (బెట్ ఎంతో ముందే నిర్ణయమై ఉండే ఆట) మారాను. మిగతా సీట్లలో నా ఆట పర్వాలేదు. బ్లైండ్‌లలో, అంటే ముక్కలు చూడకముందే పందెం కట్టాల్సిన రెండు సీట్లలో (అర బెట్ కట్టేది స్మాల్ బ్లైండ్, ఒక బెట్ కట్టేది బిగ్ బ్లైండ్), 2ల నుంచి 6ల దాకా చిన్న జతలు వచ్చినప్పుడే చిప్స్ కరిగిపోతున్నాయి. రెండు హ్యాండ్లు చెబుతాను. మొదటిది: బిగ్ బ్లైండ్‌లో నాకు 4ల జత. అందరూ ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం), బటన్ (డీలర్ సీటు) రైజ్ (పందెం పెంచడం), స్మాల్ బ్లైండ్ ఫోల్డ్, నేను కాల్ (అంతే పందెం కట్టడం). ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు రాజు, డైమను 8, కళావరు 3 వచ్చాయి. నేను చెక్ చేశాను (పందెం కట్టకుండా ఊరుకున్నాను), అతను బెట్ కట్టాడు. సెట్ (జతకు అదే అంకె మూడో ముక్క కలవడం) రాలేదు కదా అని వదిలేశాను. రెండోది: స్మాల్ బ్లైండ్‌లో 3ల జత. అందరికంటే ముందు ఆడేవాడు రైజ్ చేశాడు, ముగ్గురు కాల్ చేశారు. ఇంతమంది మధ్య 3ల జత ఏం నిలుస్తుందిలే అని అదీ వదిలేశాను. నేను చేసింది సరైనదేనా? ఇంకో సందేహం. బిగ్ బ్లైండ్‌లో 6ల జత ఉండగా ఐదుగురు రైజ్ లేకుండా ఊరికే కాల్ చేసి వస్తే నేను రైజ్ చేయాలా?

సమాధానం: రెండు హ్యాండ్లూ తారుమారుగా ఆడారు. మొదటిదాంట్లో ఫ్లాప్ దగ్గర నిలబడాల్సింది, రెండోదాంట్లో ఫ్లాప్ చూడాల్సింది. మీలా నో-లిమిట్ నుంచి వచ్చినవాళ్లలో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. దాని మూలం ఒక్కటే కాబట్టి సరిదిద్దుకోవడం కూడా కష్టం కాదు.

నో-లిమిట్‌లో చిన్న జత అంటే సెట్ కోసం వేసే గాలం. పడితే ఎదుటివాడి ముందున్న చిప్స్ మొత్తం రావచ్చు, పడకపోతే చిన్న ఖర్చుతో బయటపడతారు. లిమిట్‌లో ఆ మొదటి సగం లేదు. ఫ్లాప్‌కి ముందూ ఫ్లాప్‌లోనూ ఒక చిన్న బెట్, టర్న్‌లోనూ (బల్ల మీద నాలుగో ముక్క) రివర్‌లోనూ (ఐదో ముక్క) దానికి రెట్టింపు, అంతే. సెట్ పడ్డాక ఒక్క ఆటగాడి నుంచి మామూలుగా రాబట్టగలిగేది 5 నుంచి 8 చిన్న బెట్లు. అతని ముందు ఎంత పెద్ద గుట్ట ఉన్నా మీకు ఒరిగేది ఏమీ లేదు. అయితే అదే నియమం రెండో వైపు నుంచి మిమ్మల్ని కాపాడుతుంది. మీ 4ల జతను ఎవరూ పెద్ద బెట్‌తో బెదిరించి పంపించలేరు. చివరిదాకా వెళ్లి ముక్కలు తిప్పి చూడటానికి ఎంత ఖర్చవుతుందో ముందే తెలుసు.

అందుకే లిమిట్ బ్లైండ్‌లలో 4ల జత సందర్భాన్ని బట్టి రెండు వేర్వేరు హ్యాండ్లు అవుతుంది. గుంపులో అది సెట్ కోసం చూసే డ్రా, అంటే ఇంకా ముక్క పడాల్సిన హ్యాండ్. ఒక్కడి ఎదుట అది ఇప్పటికే తయారైన జత. పాట్‌లో, అంటే పందేలన్నీ చేరే కుప్ప కోసం పోటీలో, ఎవరు ఎంతమంది ఉన్నారో చూడకుండా ‘చిన్న జత ఎలా ఆడాలి’ అని అడిగితే జవాబు దొరకదు. మీరు ఒక్కడి ఎదుట దాన్ని డ్రాలా ఆడారు, గుంపులో తయారైన జతలా చూసి భయపడ్డారు.

రెండో హ్యాండ్ లెక్క తేలిక, ముందు అది చూద్దాం. జత చేతిలో ఉంటే ఫ్లాప్‌లో సెట్ లేదా అంతకంటే మంచిది పడే అవకాశం నూటికి దాదాపు 12. ఇంకోలా చెప్పాలంటే 7.5కి 1 వ్యతిరేకం, అంటే 7.5 సార్లు పడకపోతే ఒకసారి పడుతుంది. మీ దాకా వచ్చేసరికి పాట్‌లో ఎంత ఉంది? రైజ్ చేసినవాడు, కాల్ చేసిన ముగ్గురు, మనిషికి రెండు చొప్పున 8 చిన్న బెట్లు. బిగ్ బ్లైండ్ 1, మీ స్మాల్ బ్లైండ్ అర. మొత్తం 9.5. మీరు వేయాల్సింది 1.5. అంటే 6కి 1 కంటే కాస్త పైనే దొరుకుతోంది. బిగ్ బ్లైండ్ కూడా కాల్ చేస్తే సరిగ్గా 7కి 1. కావలసిన 7.5కి ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, సెట్ పడ్డాక నలుగురైదుగురి నుంచి వచ్చే బెట్లు ఆ లోటును పూడ్చి ఇంకా మిగులుస్తాయి. కాల్ చేయాలి. బిగ్ బ్లైండ్ తిరిగి రైజ్ చేస్తే ఖర్చు పెరిగే మాట నిజమే, కానీ అప్పటికి పాట్ కూడా ఉబ్బుతుంది.

అదే స్మాల్ బ్లైండ్‌లో రైజ్ చేసినవాడు, ఒక్క కాలర్ మాత్రమే ఉంటే? 5.5కి మీరు 1.5 వేయాలి. 4కి 1 కూడా రాదు. సెట్ మీదే ఆశ పెట్టుకుంటే గిట్టదు, ఇద్దరి మధ్య 3ల జత దానంతటది గెలిచే సందర్భాలు తక్కువ. అక్కడ వదిలేయండి. ఇద్దరు కాలర్లు ఉంటే, రైజర్ చేతిలో పెద్ద జత ఉండి చివరిదాకా చెల్లిస్తాడని మీకు నమ్మకం ఉంటే కాల్ చేయొచ్చు. అక్కడ 2లకీ 6లకీ పెద్ద తేడా కూడా ఉండదు, ఎందుకంటే మీరు చూస్తున్నది సెట్ కోసమే.

బిగ్ బ్లైండ్‌లో ఇంకా సుఖం. మీరు వేయాల్సింది ఒకే ఒక్క చిన్న బెట్. రైజర్‌తో పాటు ఇద్దరు ముగ్గురు వస్తే ఏ జతతోనైనా ఆలోచించకుండా కాల్ చేయండి. మీ కంటే ముందే రైజ్, దాని మీద మళ్లీ రైజ్ జరిగి మీరు రెండు బెట్లు వేయాల్సి వస్తే మాత్రం, మధ్యలో చాలామంది చిక్కుకుని ఉంటే తప్ప చిన్న జతను పడేయండి.

గుంపులో ఫ్లాప్ చూశాక సెట్ రాకపోతే ఆట అక్కడితో సరి. అందరూ చెక్ చేస్తే టర్న్ ఉచితంగా చూడండి. బెట్ వస్తే వదలండి. ‘పాట్ ఇంత పెద్దది కదా, ఒక్క బెట్టే కదా’ అన్న ఆలోచన అందరికీ వస్తుంది. టర్న్‌లో మీకు పనికొచ్చేవి రెండే ముక్కలు, 47లో రెండు, అంటే 22.5కి 1. రైజ్ చేసిన పాట్‌లో ఐదుగురున్నా ఫ్లాప్‌కి ముందు 10, ఫ్లాప్‌లో మరో మూడు నాలుగు బెట్లు. 14కి 1 దగ్గర ఆగిపోతుంది. ఫ్లాప్‌కి ముందే నాలుగు బెట్ల దాకా ఎక్కించుకుని ఐదుగురు వచ్చిన పాట్‌లో, మీరే ఆఖరున మాట్లాడేటప్పుడు మాత్రం ఆ కాల్ లెక్కకు నిలుస్తుంది.

సెట్ పడితే దాచుకోకండి. గుంపులో పాట్ పెద్దదై ఉంటుంది, డ్రాలు ఉన్నవాళ్లు ఎలాగూ వెళ్లరు, వాళ్లు ప్రతి ముక్కకూ డబ్బు కట్టాలి. మీ రైజ్ ఎప్పుడు అన్నది రైజర్ ఎక్కడ కూర్చున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరు చెప్పిన హ్యాండ్‌లో లాగా అతను బ్లైండ్‌ల పక్కనే ఉంటే చెక్ చేయండి. అతను బెట్ కడతాడు, మిగతావాళ్లు ఒక్కొక్కరూ కాల్ చేసి లోపలికి వచ్చాక మీరు రైజ్ చేస్తారు. ఒక బెట్ కట్టినవాళ్లు రెండోదానికి వదిలి వెళ్లడం అరుదు. రైజర్ బటన్ దగ్గర, అంటే చివర్న ఉంటే మీరే ముందు బెట్ కట్టండి. మధ్యలోవాళ్లు కాల్ చేస్తారు, అతను రైజ్ చేస్తాడు, మీరు మూడో బెట్ పెడతారు. ఈ చిన్న సంగతి పాటిస్తే ఒక్కో సెట్ మీద రెండు మూడు బెట్లు అదనంగా వస్తాయి. లిమిట్‌లో గెలుపు మొత్తం ఇలాంటి బెట్ల నుంచే కూడుతుంది.

ఇక మొదటి హ్యాండ్. దీనికి ఎక్కువ చోటిస్తున్నాను, ఎందుకంటే మీ చిప్స్ ప్రధానంగా కరుగుతున్నది ఇక్కడే.

బటన్ దగ్గర రైజ్ చేసేవాడు చాలా రకాల హ్యాండ్లతో చేస్తాడు. బ్లైండ్‌లు ఇద్దరూ వదిలేస్తే చాలని అతని ఆశ. ఏవో రెండు ముక్కల ఎదుట చివరిదాకా వెళ్తే 2ల జత దాదాపు సగం సార్లు గెలుస్తుంది, 4ల జత నూటికి 57 సార్లు, 6ల జత 63 సార్లు. బటన్ హ్యాండ్లు ఏవో రెండు ముక్కల కంటే మెరుగ్గా ఉంటాయి కాబట్టి ఆ అంకెలు కొంత తగ్గుతాయి. జాకీ-పది ఒకే రంగువైతే 2ల జతే వెనకబడి ఉంటుంది. అయినా మీకు ఇక్కడ 3.5కి 1 దొరుకుతోంది. నూటికి 22 సార్లు గెలిస్తే చాలిన చోట మీ చేతిలో దానికి దాదాపు రెట్టింపు ఉంది. కాల్ చేయడం వరకు మీరు సరిగ్గానే ఆడారు.

తప్పు ఫ్లాప్‌లో జరిగింది. కాల్ చేశాక పాట్‌లో 4.5 చిన్న బెట్లు. అతను 1 కట్టాడు, 5.5కి 1 వేయమంటున్నాడు. సెట్ రాని ప్రతిసారీ మీరు వదిలేస్తున్నారంటే, నూటికి 88 సార్లు ఏ ముక్కలతోనైనా ఒక్క బెట్ కట్టి పాట్ పట్టుకుపొమ్మని అతనికి అనుమతిస్తున్నట్టే. అతనికి ఇంతకంటే మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది?

జత కాని రెండు ముక్కలు చేతిలో ఉన్నవాడికి ఫ్లాప్‌లో ఒక్కటైనా కలిసే అవకాశం మూడింట ఒకటి కంటే తక్కువ. రాజు, 8, 3, మూడూ మూడు రంగులవి. స్ట్రెయిట్‌కి (వరుసగా ఐదు ముక్కలు) గానీ ఫ్లష్‌కి (ఒకే రంగు ఐదు ముక్కలు) గానీ దారి లేని ఫ్లాప్. అతని దగ్గర రాజు ఉండొచ్చు, 8 ఉండొచ్చు, మీ కంటే పెద్ద జత ఉండొచ్చు. ఆసు-6, రాణి-పది, జాకీ-9 లాంటివి ఇంకా ఎక్కువ ఉంటాయి. వాటన్నిటినీ మీ 4ల జత ప్రస్తుతం ఓడిస్తోంది. అవి రెండు ముక్కలు చూసి మిమ్మల్ని దాటిపోయే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి.

చివరిదాకా కాల్ చేసుకుంటూ పోతే ఎంతవుతుందో చూడండి. ఫ్లాప్ 1, టర్న్ 2, రివర్ 2, మొత్తం 5. గెలిస్తే వచ్చేది పాట్‌లోని 4.5, అతను కట్టే 5, మొత్తం 9.5. నూటికి 35 సార్లు గెలిస్తే ఖర్చు తిరిగొస్తుంది. అదీ అతను మూడుసార్లూ బెట్ కట్టినప్పుడు. చాలామంది ఖాళీ చేతితో టర్న్‌లో ఆగిపోతారు. అతను టర్న్ చెక్ చేశాక రివర్‌లో బెట్ కడితే పాట్ మీకు 8.5కి 2 ఇస్తుంది. ఐదింట ఒకసారి గెలిచినా కాల్ నిలుస్తుంది. అక్కడ వదిలేయడం దాదాపు ఎప్పుడూ తప్పే.

అలాగని ప్రతి ఫ్లాప్‌లోనూ మొండిగా కూర్చోమని అనడం లేదు. ఫ్లాప్ ఎలాంటిదో చదవాలి. ఒకే ఒక్క పెద్ద ముక్క, మిగతా రెండూ చిన్నవి, రంగులు వేరు అయితే చిన్న జతకు మంచిది. రాణి, జాకీ, 9, అందులో రెండు ఆఠీన్లు అయితే చెక్ చేసి వదిలేయండి. బటన్ ఆడే హ్యాండ్లలో అక్కడ కలవనివి తక్కువ, కలవనివాటికి కూడా మిమ్మల్ని దాటడానికి చాలా ముక్కలుంటాయి. ఫ్లాప్‌లోనే జత వస్తే, ఉదాహరణకు 9, 9, 3, మీ 4లు బాగున్నాయి, ఎందుకంటే ఎదుటివాడికి కలిసే ముక్కలు తక్కువ. కానీ ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి. టర్న్, రివర్‌లలో రాజులు రెండూ పడితే బల్ల మీదే రెండు జతలు ఉంటాయి, మీ 4ల జతకు విలువ పోతుంది, ఎదుటివాడి ఆసు గెలుస్తుంది. ఇది 2లు, 3లకు ఎక్కువగా తగిలే దెబ్బ.

టర్న్‌లో ఆసు పడితే? సూటిగా ఆడేవాడు మళ్లీ బెట్ కడితే వదిలేయండి. బటన్ రైజ్ చేసే హ్యాండ్లలో ఆసు ఉన్నవి చాలా ఉంటాయి. ఏ ముక్క పడినా బెట్ కట్టేవాడైతే అక్కడా కాల్ చేస్తాను. ఈ తేడా ఏ పట్టికా చెప్పదు. అతను ఇంతకుముందు రివర్‌లో తిప్పి చూపించిన ముక్కలే చెబుతాయి. మీరు ఫోల్డ్ చేసిన హ్యాండ్లలో కూడా చివర్న ఏం చూపించారో గమనిస్తూ ఉండండి.

5లు, 6లతో ఫ్లాప్ మొత్తం చిన్నదైతే, 7, 4, 2 లాంటిదైతే, ఊరికే కాల్ చేయకండి. చెక్-రైజ్ చేసి (ముందు చెక్, అతను బెట్ కట్టాక రైజ్) టర్న్‌లో మీరే బెట్ కట్టండి. రాణి-పదితో ఉన్నవాడు అక్కడ వదిలేస్తే మిమ్మల్ని దాటగలిగే ఆరు ముక్కలను వదులుకున్నట్టు. వదలకపోతే వెనకబడి ఉండి డబ్బు కడుతున్నట్టు. రెండూ మీకు మంచివే. టర్న్‌లో అతను తిరిగి రైజ్ చేస్తే మాత్రం మామూలు ఆటగాడి ఎదుట వదిలేయడమే మేలు.

చిన్న జత అంటే సెట్ మాత్రమే అన్న నమ్మకం ఇంకా వదలకపోతే ఒక సంగతి చెబుతాను. 2015 జనవరిలో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో మైకేల్ బౌలింగ్ బృందం, ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపుగా పరిష్కరించామని సైన్స్ పత్రికలో ప్రకటించింది. మనిషి ఒకడు జీవితాంతం ఆడినా ఓడించగలిగానని రుజువు చేసుకోలేనంత దగ్గరగా, పూర్తి సరైన ఆటకు చేరిన ప్రోగ్రామ్ అది. పేరు సెఫియస్. డీలర్ కాని సీట్లో, అంటే బిగ్ బ్లైండ్‌లో, అది చాలామంది మనుషులకంటే ఎక్కువ హ్యాండ్లు ఆడుతుంది. 3లు, 4ల వంటి చిన్న జతలతో తిరిగి రైజ్ చేయడం కూడా మనుషులకంటే బాగా ఎక్కువ. సెట్ కోసమే అయితే ఎవరూ ఒక్కడి ఎదుట పాట్ పెంచుకోరు. ఆ జత అప్పటికే ముందుంది కాబట్టే పెంచుతోంది. ఇద్దరి ఆటలో డీలర్ చాలా విరివిగా రైజ్ చేస్తాడు కాబట్టి నిండు బల్ల మీద దీన్ని యథాతథంగా దించకూడదు. బటన్ నుంచి విచ్చలవిడిగా రైజ్ చేసేవాడి ఎదుట 5లు, 6లతో నేనైతే తరచూ తిరిగి రైజ్ చేస్తాను. 2ల నుంచి 4ల దాకా కాల్‌తో సరిపెడతాను.

ఆ రైజ్ బటన్ నుంచి కాకుండా మొదటి సీటు నుంచి వచ్చి, మిగతా అందరూ వదిలేస్తే సంగతి మారుతుంది. పాట్ అదే 3.5కి 1 ఇస్తుంది గానీ అతని దగ్గర పెద్ద జతలు ఎక్కువ. పెద్ద జత ఎదుట మీది గెలిచేది ఐదింట ఒకసారి. సెట్ పడితే ఆ 3.5తో పాటు, ఎక్కడా రైజ్ లేకుండా అతను చివరిదాకా కట్టినా మరో 5 వస్తుంది. 8.5. కావలసింది 7.5. అతను మధ్యలో వదిలేసే సార్లు, మీ సెట్ ఓడిపోయే సార్లు తీసేస్తే మిగిలేది దాదాపు సున్నా. జాగ్రత్తగా ఆడేవాడి ఎదుట 2లు, 3లు వదిలేస్తే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. 5లు, 6లతో కాల్ చేయండి, ఆసు-రాజు లాంటివి కలవనప్పుడు కొంత గెలుస్తారు.

స్మాల్ బ్లైండ్‌లో ఉండగా బటన్ రైజ్ చేస్తే కాల్ అన్న మాటే మర్చిపోండి. మీరు కాల్ చేస్తే వెనకున్న బిగ్ బ్లైండ్‌కి 5కి 1 దొరుకుతుంది, దాదాపు దేనితోనైనా వచ్చేస్తాడు. మీ చిన్న జతకు ఇద్దరి మధ్య ఇరుక్కోవడమే అన్నిటికంటే చెడ్డ స్థితి. సెట్ కోసం చూడటానికి జనం చాలరు, జతగా నిలవడానికి జనం ఎక్కువ. అందుకే తిరిగి రైజ్ చేయండి, లేదా వదిలేయండి. 5లు, 6లు రైజ్. 2లు, 3లు మామూలుగా ఫోల్డ్. 4లు బటన్ ఎంత విరివిగా రైజ్ చేస్తాడన్న దాన్ని బట్టి. అందరూ వదిలేసి మీ దాకా వస్తే ఏ జతతోనైనా రైజ్ చేయండి. రైజ్ లేకుండా ఇద్దరు ముగ్గురు కాల్ చేసి ఉంటే మిగిలిన అర బెట్ వేసి ఫ్లాప్ చూడండి, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

చిప్స్ కరుగుతున్నాయన్న మీ బాధకు సంబంధించి ఒక మాట. బ్లైండ్‌లలో నికరంగా నష్టపోవడం బాగా ఆడేవాళ్లకూ తప్పదు. ముక్కలు చూడకముందే డబ్బు కట్టారు, ఫ్లాప్ తర్వాత ముందు మాట్లాడాల్సింది మీరే. బిగ్ బ్లైండ్ ప్రతిసారీ వదిలేస్తే మీకు పోయేది ఒక పూర్తి చిన్న బెట్. ఆడి సగటున అందులో సగం పోగొట్టుకున్నా, వదిలేయడం కంటే మీరు లాభంలోనే ఉన్నట్టు. మీ లెక్కల పుస్తకంలో బ్లైండ్‌లను సున్నాతో కాకుండా ఈ ఒక బెట్‌తో పోల్చి చూసుకోండి.

6ల జతతో ఐదుగురి ఎదుట రైజ్ చేయాలా అని అడిగారు. చెక్ చేయండి. ఆరుగురిలో మీ వాటా మీరు వేసే బెట్‌కి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి రైజ్ వల్ల ఫ్లాప్‌కి ముందు పెద్దగా మిగలదు. పైగా పాట్ రెట్టింపైతే, గట్‌షాట్ (మధ్యలో ఒక్క ముక్క పడితే స్ట్రెయిట్ అయ్యేది) పట్టుకున్నవాడికీ, ఒక చిన్న జత కలిసినవాడికీ మీ వెంట రావడం సరైన ఆట అయిపోతుంది. ఉచితంగా చూడండి. 6 పడితే, పైన చెప్పినట్టు బెట్ ఎటువైపు నుంచి వస్తుందో చూసి రైజ్ చేయండి. 5, 3, 2 లాంటి ఫ్లాప్ వస్తే మీరే బెట్ కట్టండి, వెనకున్న పెద్ద ముక్కలవాళ్లలో కొందరైనా అక్కడే తప్పుకోవాలి. మిగతావాటికి చెక్, బెట్ వస్తే ఫోల్డ్.